బ్రేక్ ఆయిల్ నూనె కాదని నేర్పేదెవరు?

సంపాదకుడికి నమస్కారాలు.

గత నెలలో ఒక శనివారం అమ్మను తీసుకుని సింహాచలం కొండకు బయలుదేరాను. ఘాట్ రోడ్డు మలుపులో గేరు మార్చడానికి క్లచ్ తొక్కితే పెడల్ కిందికి వెళ్లి అక్కడే ఉండిపోయింది. ఇంజిన్ తిరుగుతోంది, చక్రాలకు మాత్రం ఊతం లేదు. బండి వెనక్కి జారడం మొదలుపెట్టింది. వెనకాలే ఒక ఆటో, అందులో చిన్నపిల్లలు. బ్రేకు తొక్కి, హ్యాండ్ బ్రేక్ లాగి ఎలాగో ఆపగలిగాను. అమ్మ నా చెయ్యి చాలాసేపు వదల్లేదు.

మర్నాడు మెకానిక్ క్లచ్ మాస్టర్ సిలిండర్ విప్పి, లోపలి రబ్బరు వాషర్‌ను నా అరచేతిలో పెట్టాడు. నానబెట్టిన శనగగింజలా ఉబ్బి, మెత్తబడిపోయింది. పక్కన కొత్తది పెడితే తేడా కళ్లకు కట్టినట్టు తెలిసింది. అంత లావెక్కినది సిలిండర్‌లో బిగుసుకుపోక ఏం చేస్తుంది? ద్రవం ఉండే డబ్బా మూత తీస్తే పైన ఎర్రటి తెట్టు. అంతకుముందు సర్వీసింగ్‌కు ఇచ్చిన చోట, ద్రవం తగ్గిందని పవర్ స్టీరింగ్ ఆయిల్ పోశారు.

క్లచ్‌లో, బ్రేకుల్లో అసలు ఉండాల్సిన ద్రవాన్ని మనమందరం ‘బ్రేక్ ఆయిల్’ అంటాం. ప్రమాదం ఆ పేరులోనే ఉంది. మన కార్లలో సాధారణంగా వాడేది గ్లైకాల్ రకం ద్రవం, నూనె కాదు. దానికి తగినట్టు చేసిన రబ్బరు, నూనె తగిలితే ఉబ్బిపోతుంది.

హైడ్రాలిక్ క్లచ్ ఉన్న కార్లలో పెడల్‌కూ క్లచ్‌కూ మధ్య తీగ ఉండదు, ఈ ద్రవమే ఉంటుంది. పెడల్ తొక్కితే మాస్టర్ సిలిండర్‌లోని పిస్టన్ ద్రవాన్ని నెడుతుంది. సన్నని గొట్టంలో ఆ ఒత్తిడి గేర్‌బాక్సు దగ్గరి స్లేవ్ సిలిండర్‌కు చేరుతుంది. అక్కడి పిస్టన్ రిలీజ్ బేరింగ్‌ను కదిపి, గట్టి స్ప్రింగుతో క్లచ్ ప్లేటును ఇంజిన్ వైపు అదిమి ఉంచే ప్రెషర్ ప్లేటు పట్టు సడలిస్తుంది. క్లచ్ ప్లేటు విడివడుతుంది. మూసి ఉన్న ద్రవం మీద పడిన ఒత్తిడి అంతటా సమానంగా పాకుతుందని 17వ శతాబ్దంలో పాస్కల్ చెప్పిన సూత్రమే ఇది. స్లేవ్ సిలిండర్ పిస్టన్ వైశాల్యం మాస్టర్ సిలిండర్ పిస్టన్‌కు రెట్టింపు ఉంటే బలం రెట్టింపవుతుంది, కదిలే దూరం సగమవుతుంది. అంత గట్టి స్ప్రింగును ఒక్క పాదంతో లొంగదీయగలగడం వెనుక ఈ ఏర్పాటు ఉంది. ద్రవం నొక్కితే కుంచించుకుపోదు కాబట్టే ఇదంతా సాధ్యం. గొట్టంలో కాస్త గాలి చేరితే చాలు, తొక్కిన బలమంతా ఆ గాలిని నొక్కడానికే సరిపోతుంది. పెడల్ స్పాంజిలా మెత్తగా అయిందంటే అదే సూచన.

నన్ను ఇప్పటికీ భయపెడుతున్న విషయం వేరే ఉంది. చాలా కార్లలో క్లచ్‌కూ బ్రేకుకూ డబ్బా ఒక్కటే. నా కారులోనూ అంతే. ఆ ఎర్రటి నూనె బ్రేకుల రబ్బర్ల దాకా పాకిన తర్వాత కొండ దిగుతూ ఉంటే? మొత్తం రబ్బర్లు మార్పించాను. ఖర్చు గురించి బాధ లేదు.

గ్లైకాల్ ద్రవం గాలిలోని తేమనూ పీల్చుకుంటుంది. మనది ఏడాది పొడవునా ఉక్కపోసే సముద్రతీరం. కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల వరకు మరగకూడని డాట్-4 అనే రకం బ్రేకు ద్రవానికి, 3.7 శాతం నీరు చేరాక ప్రమాణాలు అడిగే హద్దు 155 డిగ్రీలే. బ్రేకుల వేడికి ద్రవం మరిగితే పుట్టే ఆవిరి, గొట్టంలో చేరిన గాలిలాగే పెడల్‌ను మెత్తబరుస్తుంది. అందుకే రెండేళ్లకోసారి మార్పించాలంటారు. హనుమంతవాక, ఎండాడ, కైలాసగిరి అంటూ ఎత్తుపల్లాల మీద తిరిగే నగరవాసుల్లో ఎంతమందికి ఈ మాట ఎవరైనా చెప్పారు?

1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నిబంధనల ప్రకారం డ్రైవింగ్ స్కూళ్ల పాఠాల్లో వాహన పరిచయం, బండి ఎక్కే ముందు చేయాల్సిన తనిఖీలు ఉన్నాయి. నాకు నేర్పినవారు బానెట్ ఒక్కసారి కూడా ఎత్తి చూపించలేదు. రవాణా శాఖ అధికారులు ఆ పాఠం జరుగుతోందో లేదో చూడాలి. సర్వీసింగ్ కేంద్రాలు ద్రవం పోసే ముందు సీలు తీయని డబ్బాను యజమానికి చూపించాలి. కారులో ద్రవం పోసే డబ్బా మూత మీదే ఏ రకం పోయాలో అచ్చువేసి ఉంటుంది. దాన్ని చదివి సరిచూసుకోవడానికి అర నిమిషం పట్టదు. సింహాచలం కొండ దిగువన, పైకి వెళ్లే బండ్లు కనబడేచోట, క్లచ్, బ్రేకు సరిచూసుకోమని తెలుగులో ఒక పెద్ద బోర్డు పెట్టించమని దేవస్థానం వారిని కోరుతున్నాను.

— ఒక పాఠకురాలు, సీతమ్మధార, విశాఖపట్నం