పంపు పాడైతే ఎవరిని అడగాలి?

సంపాదకులకు నమస్కారం.

హక్కుల ఆధారిత అభివృద్ధి, అంటే సాయాన్ని దయగా కాక జనం హక్కుగా చూడటం గురించి వ్యాసాలు బాగానే వస్తున్నాయి గానీ, తీరా ఊళ్లోకి వెళ్లాక అది ఎలా ఉంటుందో చెప్పేవి తక్కువ. ఒక స్వచ్ఛంద సంస్థలో కొన్నేళ్లు పనిచేశాను కాబట్టి రాస్తున్నా.

చేతిపంపు వేయించి ఫొటో దిగడం సులువు. మేమూ అదే చేశాం. రిపోర్టులో ‘లబ్ధిదారులు’ అని ఒక గడి ఉంటుంది, అందులో ఒక అంకె వేస్తే పనైపోయినట్టే. ఏడాది తిరక్కుండానే ఆ పంపు పాడైంది. వేరే పని మీద వెళ్లినప్పుడు ఒకావిడ పట్టుకుని అడిగింది, ‘‘ఇది బాగుచేయమని ఎవరిని అడగాలి సార్, మిమ్మల్నా, సర్కారు ఆఫీసు వాళ్లనా?’’ అప్పటికే మా ప్రాజెక్టు అయిపోయింది, నా దగ్గర జవాబు లేదు. నీళ్లు మనిషి హక్కని ఐక్యరాజ్యసమితి సర్వప్రతినిధి సభ 2010 జులైలోనే తీర్మానించింది. హక్కు అన్నాక, ఇవ్వాల్సిన బాధ్యత ఎవరిదో, ఇవ్వకపోతే ఎక్కడ నిలదీయాలో జనానికి తెలియాలి కదా. మేం అది చెప్పలేదు, మధ్యలో దూరి బాధ్యత ఉన్నవాళ్లకు సెలవిచ్చాం.

సరిగ్గా చేసినవాళ్లూ ఉన్నారు. రాజస్థాన్‌లో మజ్దూర్ కిసాన్ శక్తి సంఘటన్ అనే కూలీల, రైతుల సంఘం వాళ్లు 1994 చివర్లో మొదలుపెట్టిన బహిరంగ విచారణల్లో కూలి పనుల మస్టర్ రోల్స్ (ఎవరు పనికొచ్చారో, ఎంత కూలి తీసుకున్నారో రాసే పట్టీలు) సంపాదించి ఊరందరి ముందు పేరు పేరునా చదివారు. పనికే రానివాళ్లు, చివరికి చనిపోయినవాళ్లు కూడా కూలి తీసుకున్నట్టు బయటపడింది. చేసింది కాగితం గట్టిగా చదవడమే, కానీ విన్నవాళ్లు లేచి ‘అది అబద్ధం’ అనగలిగారు. 2005 సమాచార హక్కు చట్టానికి దారి వేసిన పోరాటం అది. ‘మా డబ్బు, మా లెక్క’ అన్నది వాళ్ల నినాదం.

ఆ నినాదం సంస్థలకు మాత్రం ఎందుకు వర్తించదు? 2010లో స్వచ్ఛంద సంస్థలే ఇస్తాంబుల్‌లో కూర్చుని తమకు తాము ఎనిమిది సూత్రాలు రాసుకున్నాయి. మొదటిది మానవ హక్కులు, ఐదోది పారదర్శకత, జవాబుదారీతనం. బాగున్నాయి, గోడకు అంటించుకోవడానికి మరీ బాగున్నాయి. డోనర్లు ఏడాదికోసారి అంకెలు అడుగుతుంటే తీరిగ్గా జనంతో కూర్చునే వీలు దొరకదన్నది నిజమే, ఆ టెన్షన్ నేనూ పడ్డాను. అయినా ఎవరి పేరు చెప్పి డబ్బు తెచ్చామో వాళ్లకు లెక్క చదివి వినిపించడానికి ఒక సాయంత్రం చాలు. మేం అదీ చేయలేదు. ఆ పంపు బిల్లులు మా ఆఫీసు బీరువాలో ఉండేవి, తాళం అకౌంటెంట్ దగ్గర.

— ఒక పాఠకుడు