ఆటలతో ఇంగ్లీషు నేర్పండి

ప్రభుత్వ బడుల్లో ట్యాబ్‌లు, డిజిటల్ బోర్డులు ఉన్నా పిల్లల చేత ఇంగ్లీషు మాట్లాడించడానికి వాటిని వాడటం లేదు. 2022 డిసెంబరులో ఎనిమిదో తరగతి పిల్లలకు ట్యాబ్‌లిచ్చారు. మా పలమనేరు వైపు నేను చూసినంతలో వాటిలో వీడియో పాఠాలు వినడమే తప్ప నోరు విప్పే పని లేదు. అదే పిల్లలు సాయంత్రం అరుగు మీద చేరి మైన్‌క్రాఫ్ట్ అనే వీడియో గేమ్ ఆడుతూ ‘క్రాఫ్టింగ్ టేబుల్’, ‘ఫర్నేస్’, ‘ఇన్వెంటరీ’ అని తడుముకోకుండా చదివేస్తున్నారు. అర్థం కాకపోతే ఆట ముందుకు సాగదు మరి! కాల్పుల ఆటలు, డబ్బు గుంజే ఆటలు వద్దే వద్దు. మాటలతో, కథలతో నడిచే ఆటలు ఎంచి వారానికో పీరియడ్ బోర్డు మీద ఆడించాలి. ఒకరు సూచన చదివితే, పక్కనున్నవారు ఏం చేయాలో ఇంగ్లీషులోనే చెప్పాలి. టీచరు దగ్గరుండి సరిదిద్దాలి. కార్వేటినగరంలోని ఉపాధ్యాయ శిక్షణ సంస్థ డైట్‌లో ఛాత్రోపాధ్యాయులకు ఇందులో శిక్షణ ఇప్పించి, విద్యాశాఖ ఈ ఏడాదే మొదలుపెట్టాలి.

– ఓ విద్యార్థి తండ్రి, పలమనేరు, చిత్తూరు జిల్లా