కాకిపళ్ళ లెక్క

ప్రియమైన నేస్తానికి,

ఈ మధ్య ఏం చదువుతున్నావని అడిగావు. పనికొచ్చేది ఒక్కటీ లేదు. సంస్కృతంలో కాకదంతపరీక్ష అని ఒక న్యాయం ఉంది, గుర్తుందా? కాకికి పళ్ళెన్నో ఆరా తీయడం. దండగమారి విచారణలను వెక్కిరించడానికి పండితులు వాడిన మాట. నా చదువంతా ఆ బాపతే.

అయితే పండితులకు తెలియని సంగతి ఒకటుంది. ఒకప్పుడు పక్షులకు నిజంగానే పళ్ళుండేవి! 1872లో అమెరికాలోని కాన్సాస్‌లో దొరికిన ఒక శిలాజం యేల్ ప్రొఫెసర్ మార్ష్ చేతికొచ్చింది. ఒళ్ళు పక్షిది, దవడలో పళ్ళు. పక్షికి పళ్ళేమిటని ఆయన ఆ దవడను వేరే సరీసృపానికి అంటగట్టి, దానికో పేరు కూడా పెట్టేశాడు. తర్వాత రాతిని ఇంకా తొలిచి చూస్తే దవడా ఒళ్ళూ ఒకే జీవివని తేలింది. అదే ఇక్తియోర్నిస్. ఈ పాత పక్షుల మీదా, ఉత్తర అమెరికా శిలాజాల మీదా మార్ష్ చేసిన పని కంటే పరిణామ సిద్ధాంతానికి మంచి ఆధారం గత ఇరవై ఏళ్ళలో రాలేదని 1880లో డార్విన్ అంతటివాడు ఆయనకు ఉత్తరం రాశాడు. ఇప్పుడు చెప్పు, నాది దండగమారి పనేనా?

నిఘంటువుల జోలికి వెళ్ళానంటే ఇక నాకు పూట తెలియదు. ఒక మాట కోసం తెరిస్తే పక్కనున్నది లాగుతుంది. 'గజనిమీలిక' అలాగే దొరికింది. ఏనుగులా కళ్ళు మూసుకుని, చూసీ చూడనట్టు ఊరుకోవడం. అప్పు తీసుకున్నవాళ్ళు మనం ఎదురుపడితే చేసేది అదే.

వీటన్నిటిలో నాకు ప్రాణం 'డార్డ్'. వెబ్‌స్టర్ పెద్ద నిఘంటువు 1934 కూర్పులో ఉంది, అర్థం 'సాంద్రత'. కానీ అలాంటి మాట ఇంగ్లీషులో ఎప్పుడూ లేదు! సాంద్రతకు సంకేతంగా పెద్ద 'డి' గానీ చిన్న 'డి' గానీ వాడవచ్చని రసాయనశాస్త్ర సంపాదకుడు 1931లో ఒక చీటీ రాశాడు. ఆ 'గానీ'కి ఇంగ్లీషులో ఉన్నది రెండక్షరాల 'ఆర్' (or). నిఘంటువు మాటలను అక్షరాలు ఎడం ఎడంగా టైపు చేసే పద్ధతి ఉండడంతో, చూసినవాళ్ళు నాలుగక్షరాలనూ కలిపి ఒకే మాటగా చదువుకున్నారు. నామవాచకమన్నారు, ఎలా పలకాలో కూడా రాశారు. 1939లో ఒక సంపాదకుడు దీనికి వ్యుత్పత్తి లేదేమిటని కూపీ లాగితే గుట్టు బయటపడింది. అచ్చులోంచి పూర్తిగా పోవడానికి ఇంకా కొన్నేళ్ళు పట్టింది.

డార్డ్ పాపం పొరపాటున పుట్టింది. మౌంట్‌వీజెల్‌ను మాత్రం కావాలనే పుట్టించారు. 1975 నాటి న్యూ కొలంబియా ఎన్‌సైక్లోపీడియాలో లిలియన్ వర్జీనియా మౌంట్‌వీజెల్ అనే ఆవిడ జీవితం ఉంది. ఫౌంటెన్ల రూపకర్త, ఆపై ఫొటోగ్రాఫర్. పల్లెల్లోని తపాలా పెట్టెలను ఫొటోలు తీసి పేరు తెచ్చుకుంది. బ్యాంగ్స్ అనే ఊళ్ళో పుట్టి, 'కంబస్టిబుల్స్' పత్రిక పని మీద ఉండగా పేలుడులో పోయింది. పుట్టిన ఊరి పేరులోనే ఢాంఢాం, పత్రిక పేరుకేమో అర్థం మండే పదార్థాలు! అంతా కట్టుకథే. పుస్తకాన్ని ఎవరైనా కాపీ కొడితే ఆవిడ కూడా వెళుతుంది, దొంగ దొరికిపోతాడు. ఇలాంటి ఎరలన్నిటికీ ఇంగ్లీషులో ఇప్పుడు ఆవిడ పేరే స్థిరపడింది. లేని మనిషికి ఎంత కీర్తో చూడు!

నీకు తగిలినవి కూడా రాయి. పనికొచ్చే సంగతులు మాత్రం వద్దు, అవి చెప్పేవాళ్ళు నాకు చాలామందే ఉన్నారు.