టెండరు పిలిచే ముందు: ఆర్థిక శాఖ కార్యదర్శి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన కార్యదర్శి గారికి,

ఏ సేవను బయటి సంస్థకు అప్పగించాలి, దేనిని సొంత ఉద్యోగులతోనే నడపాలి అన్నది తేల్చేటప్పుడు తక్కువ ధర ఒక్కటే చూడవద్దని మనవి. కార్యాలయాల శుభ్రతను కంటితో చూసి కొలవవచ్చు, పని నచ్చకపోతే గుత్తేదారును మార్చవచ్చు; కానీ పింఛను దరఖాస్తుల పరిశీలన, జైళ్ల నిర్వహణ వంటి చోట్ల నాణ్యతను ఒప్పందపత్రంలో పూర్తిగా రాయలేం కనుక, గుత్తేదారు మిగుల్చుకునే ప్రతి రూపాయీ పౌరుడి హక్కుకు గండి కొట్టే ప్రమాదం ఉంది. బ్రిటన్‌లో 2018 జనవరిలో ప్రభుత్వ సేవల గుత్తేదారైన కారిలియన్ సంస్థ దివాలా తీసినప్పుడు ఆసుపత్రుల నిర్వహణ, బడి భోజనాలు ఆగకుండా చూసే భారం చివరికి ప్రభుత్వం మీదే పడింది. పర్యవేక్షణకయ్యే ఖర్చును, ఒప్పందం మధ్యలో తెగితే పనిని వెనక్కి తీసుకోగల సిబ్బంది మనకు మిగిలారా అన్నదాన్ని (నన్ను అన్నిటికన్నా కలవరపెడుతున్నది ఇదే) లెక్కలో వేసి, ఆ లెక్కను టెండరు పిలవకముందే ప్రజల ముందుంచండి.

ఇట్లు,
ఒక పౌరుడు