వార్షిక నివేదిక: పిల్లల కళాయాత్ర, ప్రదర్శన

సభ్యులందరికీ నమస్కారం.

ఉగాది కవి సమ్మేళనం, వేసవి చిత్రలేఖనం తరగతులు, గ్రంథాలయం ఈ ఏడాది ఎప్పటిలాగే నడిచాయి. వివరాలు మినిట్స్ పుస్తకంలో ఉన్నాయి కాబట్టి ఇక్కడ మళ్లీ రాయడం లేదు. ఎక్కువ చెప్పవలసింది పిల్లల కళాయాత్ర గురించి, తిరిగొచ్చాక వాళ్లు పెట్టిన ప్రదర్శన గురించి.

మూడు రోజుల యాత్రలో మొదటి మజిలీ లేపాక్షి. వీరభద్రాలయంలో పిల్లలు ముందు వేలాడే స్తంభం దగ్గరికే పరుగెత్తారు. గుడి సిబ్బంది సరేనన్నాక, డ్రాయింగ్ మాస్టారు వాళ్లను నాట్యమండపంలో వెల్లకిలా పడుకోబెట్టి పైకప్పు చూడమన్నారు. 16వ శతాబ్దంలో, అచ్యుతదేవరాయల కాలంలో వేసిన బొమ్మలవి. ఆ తర్వాత గంటసేపు ఒక్కరూ లేవలేదు. మగవాళ్ల తలమీది పొడుగు కుళ్లాయిలు, ఆడవాళ్ల చీరల అంచులు ఎవరికి నచ్చినవి వాళ్లు నోటుబుక్కుల్లో గీసుకున్నారు.

రెండో రోజు ధర్మవరం దగ్గరి నిమ్మలకుంట. దళవాయి చలపతిరావుగారికి 2020లో పద్మశ్రీ తెచ్చిన తోలుబొమ్మల ఊరు. బొమ్మ నగల్లో అన్ని చిల్లులు ఎందుకని మన పిల్లాడు అడిగితే, అక్కడి కళాకారుడు మాట్లాడకుండా బొమ్మ వెనక బల్బు పెట్టారు. నగలన్నీ ఒక్కసారిగా మెరిశాయి. మేక చర్మాన్ని శుభ్రం చేసి, వెలుగు ఇవతలికి కనిపించేలా ఆరబెట్టాకే రంగులు వేస్తారని అప్పుడు వివరించారు.

రాత్రంతా ప్రయాణం చేసి మూడో రోజు, గుడ్డ మీద కలంతో బొమ్మలు గీసే కలంకారీకి పేరున్న శ్రీకాళహస్తి చేరాం. అక్కడ పిల్లలు వెదురుపుల్లకు గుడ్డ చుట్టి, దారం కట్టి తమ కలాలు తామే చేసుకున్నారు.

యాత్ర ఫొటోలు గోడకు అంటించి ఊరుకోవద్దని ముందే అనుకున్నాం. చూసింది చేసి చూపించాలి. అందుకే బెల్లం, ఇనుప తుక్కు నీళ్లలో వేసి కసిమి, అంటే కలంకారీలో నలుపు గీసే ద్రవం, పులియబెట్టాం. అది తయారవడానికి మూడు వారాలు పట్టింది కాబట్టే ప్రదర్శన తేదీ వెనక్కి జరపాల్సి వచ్చింది. ఆలస్యమని అడిగిన సభ్యులకు ఇదే నా జవాబు.

ప్రదర్శనలో అందరూ ఆగి చూసినవి పక్కపక్కనే కట్టిన రెండు గుడ్డలు. ఒకటి కరక్కాయ, పాలు కలిపిన నీళ్లలో నానబెట్టి ఆరేసింది. రెండోది పాలు లేకుండా ఒట్టి కరక్కాయ నీళ్లలో ముంచింది. మొదటిదాని మీద కసిమితో గీసిన గీత గీతలా నిలిచింది. రెండోదాని మీద నలుపు పాకి నెమలి కాస్తా మబ్బులా అయింది. కరక్కాయలోని వగరు కసిమిలోని ఇనుముతో కలిస్తేనే నలుపు తేలుతుందని, ఆ నలుపు పాకకుండా పట్టి ఉంచేవి పాలని ఏడో తరగతి పాప వచ్చిన ప్రతివాళ్లకూ ఓపిగ్గా చెప్పింది. ఇవి అచ్చులా అని అడిగినవాళ్లకు, చెక్క అచ్చులు పెడనలో వాడతారు, కాళహస్తిలో కలంతో గీస్తారు అని సరిచేసింది. ఆ పాప మాటలు వింటూ నిలబడ్డ ఆ కాసేపట్లో కార్యదర్శిగా నేను పడ్డ టెన్షన్ అంతా పోయింది.

బాధ కలిగించిన విషయాలు కూడా రాయాలి. ప్రారంభోత్సవానికి వస్తానని మాట ఇచ్చిన అధికారి కోసం పిల్లలు గంటన్నర నిలబడ్డారు. ఆయన రాలేదు, ఫోనూ చేయలేదు. చివరికి పిల్లలే తోలుబొమ్మ వెనక దీపం వెలిగించి మొదలుపెట్టారు. అంతకంటే ఎక్కువ బాధపెట్టింది మనవాళ్లే. పటిక నీళ్లతో బొమ్మ వేసిన గుడ్డను మంజిష్టతో, అంటే ఎరుపు రంగునిచ్చే వేరుతో, ఉడకబెడితే పటిక తగిలిన చోట ఎరుపు వస్తుంది. మరిగే నీళ్లు కాబట్టి పొయ్యి దగ్గర పెద్దవాళ్లు ఉండాలి. పేర్లిచ్చిన ఆరుగురు సభ్యుల్లో ఆ రోజు ఒక్కరే వచ్చారు. ఒక్కరితో పొయ్యి వెలిగించడానికి నేను ఒప్పుకోలేదు. పిల్లలు ఆ గుడ్డలను అలాగే కట్టి, 'ఇక్కడ ఎరుపు రావాలి' అని చీటీలు అంటించారు.

చిత్రలేఖనం మాస్టారికి, రాత్రి ప్రయాణంలో జాగ్రత్తగా బస్సు నడిపిన డ్రైవరుగారికి, బస్సులో పిల్లలను కనిపెట్టుకుని ఉన్న ఇద్దరు తల్లులకు, అద్దె తీసుకోకుండా షామియానా వేసిన టెంట్ హౌస్ వారికి, హాలు ఇచ్చిన బడి యాజమాన్యానికి, ఆ రోజు వచ్చిన ఆ ఒక్క సభ్యుడికి, మూడు వారాలు కసిమి వాసన భరించిన పక్కింటివారికి సంఘం తరఫున కృతజ్ఞతలు.

జమాఖర్చుల పట్టిక జతచేశాం. బస్సు ఖర్చు అంచనా దాటింది. తేడాను ఇద్దరు సభ్యులు, తమ పేర్లు వేయవద్దని చెప్పి, ఇచ్చారు. సభ ఆమోదించాలని కోరుతున్నాను.

పటిక వేసిన గుడ్డలు సంఘం బీరువాలో మడతపెట్టి ఉన్నాయి. మంజిష్ట కొనడానికి నిధి ఉంది. దసరా సెలవుల్లో పొయ్యి దగ్గర ఉండడానికి నలుగురు పెద్దవాళ్లు కావాలి. కచ్చితంగా రాగలిగినవాళ్లే సభ అయ్యాక నా దగ్గర పేర్లు రాయించండి.

ఇట్లు,
కార్యదర్శి