పెదాలు నీలంగా మారితే వెంటనే చేయాల్సింది

అందరికీ నమస్కారం. టెట్రాలజీ ఆఫ్ ఫాలో అనే, పుట్టుకతోనే వచ్చే గుండె జబ్బు ఉన్న పిల్లల అమ్మానాన్నలు ఇది తప్పక చదవండి. గుక్కపట్టి ఏడ్చినప్పుడో, పాలు తాగేటప్పుడో, పొద్దున లేవగానేనో పెదాలు, నాలుక ఒక్కసారిగా నీలంగా మారితే, బిడ్డ మోకాళ్లు ఛాతీకి ఆనేలా మడిచి పట్టుకోండి. అలా మడిస్తే శరీర రక్తనాళాల్లో ఒత్తిడి పెరిగి, ఊపిరితిత్తులకు రక్తం ఎక్కువగా వెళ్తుంది. మీకెంత టెన్షన్‌గా ఉన్నా గొంతు పెంచకండి, బిడ్డ ఏడుపు ఆగడం చాలా ముఖ్యం. నీలం తగ్గకపోయినా, బిడ్డ మగతగా వాలిపోయినా క్షణం ఆగకుండా అంబులెన్స్ పిలవండి. తగ్గిపోయినా సరే, ఆ రోజే కార్డియాలజిస్టుకు చెప్పాలి. వాంతులు, విరేచనాలతో ఒంట్లో నీరు తగ్గినప్పుడు కూడా ఈ ముప్పు ఎక్కువే. బిడ్డను చూసుకునే అమ్మమ్మ, నానమ్మలకు కూడా ఇలా పట్టుకోవడం దయచేసి ఇవాళే చేసి చూపించండి.