పాత కారు ఇచ్చేవాడికి ఏం మిగులుతోంది?

సంపాదకుడు గారికి నమస్కారం.

పది రోజుల కిందట మీ పత్రికలో పాత వాహనాలను తుక్కుకు ఇస్తే వచ్చే లాభాల గురించి వార్త వేశారు. చదివి ఊరుకున్నాను. నిన్న టీ కొట్టు దగ్గర ఇద్దరు కుర్రాళ్లు ఆ వార్త గురించే మాట్లాడుకుంటూ "పాత బండి ఇచ్చేస్తే లక్ష దాకా వస్తుందట" అనుకోవడం విన్నాక ఇక ఉండబట్టలేక ఈ లేఖ రాస్తున్నాను.

పాత బండ్లను తుక్కుకు పంపే ఈ కేంద్ర పథకానికి నేను వ్యతిరేకిని కాను. ఆర్టీసీ డిపోలో 31 ఏళ్లు మెకానిక్‌గా చేశాను. పాత డీజిల్ ఇంజిన్ల పొగ ఎంత పీల్చానో చెప్పలేను, ఇప్పటికీ తెల్లవారుజామున దగ్గుతో లేస్తాను. కేంద్రం పెట్టిన భారత్ స్టేజ్ (బీఎస్) కాలుష్య ప్రమాణాల్లో పాతదైన బీఎస్-3 డీజిల్‌లో గంధకం పది లక్షల పాళ్లలో 350 పాళ్ల (350 పీపీఎం) దాకా ఉండనిచ్చేవారు. 2020 ఏప్రిల్ నుంచి వచ్చిన బీఎస్-6 డీజిల్‌లో 10 పీపీఎం దాటకూడదు. అయితే పాత బండిలో కొత్త డీజిల్ పోసినంత మాత్రాన సరిపోదు, మసిని పట్టే ఫిల్టరు దానికి ఉండదు. ఇక భద్రత సంగతి. మా ఇంట్లో ఉన్నది 2006 నవంబరులో రిజిస్టర్ చేయించిన మారుతి 800. దానికి ఎయిర్‌బ్యాగూ లేదు, బ్రేకు వేస్తే చక్రాలు బిగుసుకోకుండా చూసే ఏబీఎస్సూ లేదు. మనవళ్లను ఎక్కించుకుని హైవే ఎక్కాలంటే నాకే భయం. ఇలాంటి బండ్లు రోడ్డు మీద నుంచి పోవాలి. పొగ పీల్చేది ఊరంతా కాబట్టి వాటిని పంపించడానికి ప్రజల డబ్బు కొంత ఖర్చు పెట్టడం కూడా న్యాయమే.

నా బాధ ఆ డబ్బు ఎవరికి చేరుతోందన్నదే.

2021 ఆగస్టు 13న ప్రధానమంత్రి ఈ విధానాన్ని ప్రారంభించారు. అప్పుడు చెప్పిన లెక్క ఏమిటంటే, తుక్కు విలువగా కొత్త బండి ఎక్స్-షోరూమ్ ధరలో 4 నుంచి 6 శాతం వస్తుంది, సొంత వాహనమైతే రోడ్డు పన్నులో 25 శాతం వరకు రాష్ట్రాలు రాయితీ ఇవ్వొచ్చు, కొత్త బండికి రిజిస్ట్రేషన్ ఫీజు ఉండదు, కంపెనీలు ఇంకో 5 శాతం తగ్గించాలని సలహా. కంపెనీలు మూడేళ్లు నాన్చి 2024 ఆగస్టులో ఒప్పుకున్నది, కార్లకైతే ధరలో ఒకటిన్నర శాతం లేదా 20,000 రూపాయలు, ఏది తక్కువైతే అది. అదీ ఏడాది పాటే. 6 లక్షల కారు మీద ఒకటిన్నర శాతమంటే 9,000. రిజిస్ట్రేషన్ ఫీజు మాఫీ వల్ల మిగిలేది 600. ఇక 25 శాతం "వరకు" అన్నారు చూడండి, ఆ "వరకు" దగ్గరే ఒక్కో రాష్ట్రం ఒక్కో లెక్క పెట్టుకుంది.

తుక్కు విలువ ఎంతొస్తుందో కనుక్కుందామని హైదరాబాద్ శివారులో ఉన్న ఒక రిజిస్టర్డ్ స్క్రాప్ కేంద్రానికి ఫోన్ చేశాను. నా మారుతి బరువు 650 కిలోల పైచిలుకు. 14,000 ఇస్తామన్నారు. బండి అక్కడికి చేర్చే ఖర్చు నాదేనట. వరంగల్ నుంచి లారీ మీద ఎక్కించి పంపితే చేతికి మిగిలేది ఏడెనిమిది వేలు. అదే బండికి మా ఊళ్లో పాత సామాన్ల వ్యాపారి 28,000 ఇస్తానన్నాడు, కాగితాలు కూడా అడగలేదు. రెట్టింపు డబ్బు వస్తున్నా నేను ఒప్పుకోలేదు. ఎందుకంటే ఆర్‌సీ (రిజిస్ట్రేషన్ కాగితం) నా పేరు మీదే ఉండిపోతుంది. రేపు ఆ ఛాసిస్ నంబరుతో ఇంకో బండి ఎక్కడో తిరిగి ప్రమాదం చేస్తే పోలీసులు వచ్చేది నా ఇంటికే. సొంత ఖర్చు భరించి మరీ నిబంధన ప్రకారం నడుచుకునేవాళ్లు ఎందరుంటారు? నాకు పెన్షన్ వస్తుంది కాబట్టి ఆలోచించగలిగాను.

ఇంకో సంగతి మీ వార్తలో రాలేదు. బండి తుక్కుకు ఇచ్చినప్పుడు ఇచ్చే డిపాజిట్ సర్టిఫికెట్‌ను ఇంకొకరికి అమ్ముకోవచ్చు. కొత్త కారు కొనే స్తోమత లేనివాడు దాన్ని కొనేవాడికి అమ్మి నాలుగు డబ్బులు చూసుకోవచ్చు. నిబంధనల్లోనే ఉంది. స్క్రాప్ కేంద్రం వాళ్లు చెప్పలేదు. ఒక ప్రభుత్వ కౌంటర్లో అడిగితే తలెత్తకుండానే "ఆన్‌లైన్‌లో చూసుకోండి" అన్నారు. 68 ఏళ్ల మనిషి వచ్చి నిలబడి అడుగుతుంటే కనీసం ముఖం చూసి మాట్లాడరా? నేను ఉద్యోగంలో ఉన్న రోజుల్లో ప్రయాణికుడు డిపో మేనేజర్ గదిలోకి నేరుగా వెళ్లి అడిగేవాడు, కూర్చోబెట్టి జవాబు చెప్పేవారు.

అసలు రాయితీని కొత్త కారు ధరకు ముడిపెట్టడమే నాకు మింగుడుపడటం లేదు. మన రాష్ట్రంలో 6 లక్షల కారుకు లైఫ్ ట్యాక్స్ (ఒకేసారి కట్టే రోడ్డు పన్ను) 14 శాతం, అంటే 84,000. కేంద్రం అనుమతించిన 25 శాతం పూర్తిగా ఇచ్చినా 21,000. అదే 25 లక్షల పెద్ద కారుకు పన్ను 20 శాతం, ఐదు లక్షలు. దాంట్లో 25 శాతమంటే లక్షా పాతిక వేలు. శాతాలకు బదులు ఫలానా ధర కారుకు ఇంత మొత్తమని స్లాబులు పెట్టుకున్నా, ధర పెరిగేకొద్దీ రాయితీ పెరిగితే ఫలితం ఒకటే. లీటరుకు 18 కిలోమీటర్లు ఇచ్చే చిన్న బండిని తుక్కు చేసి, 10 ఇచ్చే పెద్ద బండి కొన్నవాడికి ఎక్కువ సొమ్ము. గాలి కోసం పెట్టిన పథకంలో ఇదేం లెక్క? 2009లో అమెరికాలో ఇలాంటి పథకమే పెట్టినప్పుడు కొత్త కారు మైలేజీ పాతదానికంటే ఎంత పెరిగిందో చూసి 3,500 డాలర్లో 4,500 డాలర్లో ఇచ్చారు. పాత ఇంజిన్ మళ్లీ ఎక్కడా వాడకుండా అందులో సోడియం సిలికేట్ పోసి బిగిసిపోయేలా చేశారు. ఫిన్లాండ్‌లో 2020 చివర్లో పాత కారు అప్పగించినవాళ్లకు కొత్త కారుకే కాకుండా ఎలక్ట్రిక్ సైకిల్‌కీ, బస్సు, రైలు టికెట్లకీ కూడా సాయం ఇచ్చారు. బస్సు టికెట్లకు! ఆర్టీసీ మనిషిని కాబట్టి అది చదివినప్పుడు నాకు ఎంత సంతోషం వేసిందో చెప్పలేను. మన దగ్గర పాత కారు అప్పగించినవాడికి రెండేళ్ల బస్ పాస్ ఇస్తామని ఒక్కరైనా అన్నారా?

బస్సుల గురించి కూడా చెప్పాలి. మా అత్తగారి ఊరికి ఒకప్పుడు రోజుకు ఆరు ట్రిప్పులు ఉండేవి. ఇప్పుడు రెండే, రాత్రి ఏడు దాటితే ఏమీ లేదు. ఆ ఊళ్లో పాతికేళ్ల నాటి జీపులు ఇంకా ఎందుకు తిరుగుతున్నాయంటే, రాత్రిపూట పురుడు వచ్చినా పాము కరిచినా మనిషిని తీసుకెళ్లేది అవే. వాటిని ఆపాలంటే ముందు బస్సు పంపాలి.

వయసు ఒక్కటే చూడటం కూడా సరికాదు. డిపోలో ఒక బస్సును కండెమ్ చేయాలంటే, అంటే ఇక పనికిరాదని పక్కన పెట్టాలంటే, ఎన్ని కిలోమీటర్లు తిరిగింది, ఛాసిస్ ఎక్కడైనా చీలిందా, బాడీ ఎంత తుప్పు పట్టింది అన్నీ చూసేవాళ్లం. పన్నెండేళ్లకే పనికిరాకుండా పోయిన బండ్లను చూశాను, ఇరవై ఏళ్లయినా చేతిలో పెట్టుకుని చూసుకున్న బండ్లనూ చూశాను. పొగ పరీక్ష గట్టిగా చేస్తే ఏది పోవాలో అదే తేలుతుంది. కానీ బండి తీసుకెళ్లకుండానే పొల్యూషన్ సర్టిఫికెట్ చేతికొచ్చే రోజులివి.

ఇచ్చే చెయ్యి ఇంత బిగిసి ఉంటే, తీసుకునే చెయ్యి మాత్రం పెద్దదైంది. 2021లో నేను 600 రూపాయలు కట్టి ఆర్‌సీ రెన్యూవల్ చేయించుకున్నాను. 2022 ఏప్రిల్ నుంచి అది 5,000 అయింది. 20 ఏళ్లు దాటిన కార్లకు 2025 ఆగస్టులో 10,000 చేశారు. 2023-24లో పాత వాహనాల తుక్కు ప్రోత్సాహకాల కింద రాష్ట్రాలకు ఇవ్వడానికి కేంద్రం 3,000 కోట్లు కేటాయించింది. అందులో మనకు ఎంత వచ్చింది, బండి అప్పగించిన మామూలు మనిషి దాకా ఎంత చేరిందో మీ విలేకరులు కనుక్కుని రాస్తే పాఠకులకు మేలు చేసినవాళ్లవుతారు. అలాగే ఏ పోలీస్ స్టేషన్ ఆవరణలో చూసినా పట్టుకున్న బండ్లు చెట్ల కింద తుప్పు పట్టి పోతున్నాయి, వాన పడితే వాటిలో నీళ్లు నిలిచి దోమలు. ప్రభుత్వ వాహనాలు 15 ఏళ్లు దాటితే తుక్కుకు పోవాలని 2023 ఏప్రిల్ 1 నుంచి నిబంధన ఉంది. ఆ పని ఎంతవరకు వచ్చిందో కూడా అడగండి.

నా కారు ఆర్‌సీ గడువు వచ్చే నవంబరుతో అయిపోతుంది. 10,000 కట్టి మళ్లీ నడపాలని నాకు లేదు. కొత్త కారు కొనే శక్తీ లేదు. సెకండ్ హ్యాండ్‌లో బీఎస్-6 కారు కొంటే నా సర్టిఫికెట్ మీద పన్ను రాయితీ రాదంటున్నారు, అప్పటికే లైఫ్ ట్యాక్స్ కట్టేసిన బండి కాబట్టి. ఇరవై ఏళ్ల కారు వదిలి ఐదేళ్ల కారుకు మారినా పొగ తగ్గినట్టే కదా? రవాణా శాఖ పెద్దలు ఎవరైనా మీ పత్రిక ద్వారా దీనికి జవాబు ఇస్తారని నవంబరు దాకా ఎదురు చూస్తాను.

ఇట్లు,
ఒక విశ్రాంత ఆర్టీసీ మెకానిక్,
వరంగల్